పెడల్ కింద అర అంగుళం

కార్ల షెడ్డు మేస్త్రీ నేరం ఒప్పుకున్నాడన్న కబురు నాకు ఉదయం పదీ పదికి తెలిసింది. మధ్యాహ్నం మూడింటికి ఆయన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఒప్పుకోలు కాగితం ఒకసారి ఆ బల్ల మీదికి వెళ్ళిందంటే దాన్ని వెనక్కి తేవడం నా తరం కాదు. నాకు ముక్కు మీద కోపమని మా అమ్మ అంటుంది. స్టేషను మెట్లెక్కుతున్నప్పుడు ఆ కోపమంతా మేస్త్రీ మీదే ఉంది. తప్పించుకు తిరిగేవాణ్ణి పట్టుకోవచ్చు. చేయని పనిని నెత్తిన వేసుకుని కూర్చున్నవాణ్ణి బయటికి లాగడమే కష్టం.

నన్ను ఈ వ్యవహారంలోకి తెచ్చింది ఆయన కూతురు. నిన్న సాయంత్రం నా ఆఫీసుకి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, మా నాన్న ఎవరినీ చంపలేదు అంది. ఎముకల డాక్టరు గారికి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఉంది. నలభై ఏళ్ళుగా దాని బాగోగులన్నీ వీళ్ళ షెడ్డులోనే. శుక్రవారం నాడు క్లచ్, బ్రేకు పెడళ్ళ ఎత్తు సరిచేయించుకుని, సాయంత్రం అయిదింటికి డాక్టరు గారు కారు తీసుకెళ్ళారు. ఆదివారం ఉదయం ఆరూ నలభైకి ఇంట్లోంచి బయల్దేరారు. ఆరూ యాభై రెండుకి కొండ దిగే దారిలో మూడో మలుపు దగ్గర రాతిగోడని గుద్దుకుని చనిపోయారు. టైర్లు ఈడ్చుకుపోయిన గీత రోడ్డు మీద ఒక్కటి కూడా లేదు.

ఇంతమంది ఉండగా నా దగ్గరికే ఎందుకు వచ్చావని అడిగితే ఆ అమ్మాయి కాసేపు నీళ్ళు నమిలింది. శుక్రవారం నాడు డాక్టరు గారు మీ వీధికి దారి అడిగారు మేడమ్, ఆదివారం మీ దగ్గరికే వస్తున్నారేమో అనిపించింది అని మాత్రం చెప్పింది. పెద్దాయనకి ఏదో భయం పట్టుకుని ఒక డిటెక్టివ్ అవసరం పడిందేమో అనుకున్నాను. ఆయన నాకు కొత్తవారు కాదు. పదహారేళ్ళు నేను బండ్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగం చేశాను. ఆరేళ్ళ కిందట నేను పరీక్షిస్తున్న లారీయే వెనక్కి దొర్లి నా మీదికి వచ్చింది. నుజ్జయిన తొడ ఎముకని అతికించింది ఆ డాక్టరు గారే. బతికి బట్టకట్టాను కానీ ఎడమ కాలు అర అంగుళం పొట్టిదయింది. ఉద్యోగం వదులుకుని ఈ పనిలోకి వచ్చాను.

స్టేషను వరండాలో బెంచీ మీద చెప్పుల మాస్టారు కూర్చుని ఉన్నారు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి చెప్పు అడుగున ఎత్తు వేసి ఇస్తారు కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. పనిగది డాక్టరు గారి ఆసుపత్రి వెనకే. నా ఆపరేషన్ జరిగే నాటికి థియేటర్లో డాక్టరు గారికి సహాయకుడిగా ఉండేవారు. నన్ను చూడగానే లేచి, పలకరింపు కన్నా ముందే వంగి, నా ఎడమ చెప్పు మడమని బొటనవేలితో నొక్కి చూశారు. ఆరేళ్ళుగా ఇదే వరస.

"ఓ పక్కకి అరిగిపోయింది తల్లీ. కొత్త జత తయారుగా ఉంది. ఇవాళ ఇంటికే తెచ్చి తొడిగి చూస్తాను" అన్నారు.

ఇక్కడేం పని మీకు అని అడిగాను. సాక్ష్యం రాసిచ్చారట. మేస్త్రీ చేతులు వణుకుతాయని, ఏడాదిన్నరగా డాక్టరు గారి దగ్గరే మందు వాడుతున్నాడని పోలీసులకి చెప్పక తప్పలేదట. కళ్ళు తుడుచుకుంటూనే, ఈ కేసు నువ్వు చూస్తున్నావా అని అడిగారు. చూస్తున్నానని, కాసేపట్లో కారు దగ్గరికి వెళ్తున్నానని చెప్పాను. ఆ ఒక్క ముక్కా నా నోట్లోనే ఉంచుకోవాల్సింది.

ఇన్‌స్పెక్టర్ మా పిన్ని కొడుకు. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. పదిమందిలో మేడమ్ అంటాడు, పక్కకి తీసుకెళ్తే అక్కా అంటాడు. రెంటిలోనూ నా మాట వినడు. చిన్నప్పుడు తప్పిన పరీక్షల కాగితాల మీద వాడి కోసం మా పిన్ని సంతకం నేనే పెట్టాను. ఆ సంగతి నాకు గుర్తుందని వాడికి తెలుసు. బహుశా అందుకే నా ముందు ఒక పిసరు ఎక్కువగా ఇన్‌స్పెక్టర్‌లా ఉంటాడు. మేస్త్రీతో మాట్లాడటానికి పదిహేను నిమిషాలిచ్చాడు. ఒప్పుకోలు కాగితం కూడా చూడనిచ్చాడు, చూసినా ఒరిగేదేమీ లేదన్న ధీమాతో.

కాగితం చివర సంతకం లేదు, వేలిముద్ర ఉంది.

మేస్త్రీ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చొక్కా గుండీలు ఒక రంధ్రం తప్పి పెట్టుకున్నాడు. ముందున్న టీ గ్లాసు మీద మీగడ కట్టింది. అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాడు. బ్రేకు పెడల్ వెనక రాడ్డు ఉంటుందమ్మా, దాన్ని తిప్పి పొడవు పెంచితే పెడల్ పైకి లేస్తుంది. లేచే చోటు అయిపోయాక కూడా తిప్పామంటే ఆ రాడ్డు వెళ్ళి సిలిండర్లో పిస్టన్‌ని నొక్కిపట్టి ఉంచుతుంది. కాలు తీసినా బ్రేకు వదలదు. చక్రాల్లో వేడి పుడుతుంది. ఆ వేడికి బ్రేకు నూనె మరిగి ఆవిరవుతుంది. అప్పుడు నొక్కితే పెడల్ నేలదాకా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే రాడ్డుకీ పిస్టన్‌కీ మధ్య కాస్త సందు వదలాలి. దాన్ని మేము ఊపిరి అంటాం. శుక్రవారం నేను ఊపిరి వదలడం మర్చిపోయాను.

పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. పాఠంలో తప్పేమీ లేదు. నేను టీ గ్లాసు ఆయన వైపు జరిపి తాగమన్నాను. వద్దన్నాడు. మళ్ళీ తాగమన్నాను. చేతులు బల్ల కిందికి పోయాయి.

"సంతకం వచ్చినవారు వేలిముద్ర ఎందుకు వేశారు?" అని అడిగాను.

ఆయన మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

"ఆ చేతులతో ఒక నట్టు బిగించి ఎన్నాళ్ళయింది మేస్త్రీ?"

ఏడాదిన్నర అన్నాడు. పెడళ్ళ పనంతా కూతురే చేస్తోందట. ఆడపిల్ల చెయ్యి పడిందంటే పాత కార్లవాళ్ళు షెడ్డు మెట్లెక్కరని, చేసేది ఆమె, చేసినట్టు కనిపించేది ఈయన. తండ్రీ కూతుళ్ళు ఇన్నాళ్ళూ ఆ గుట్టు బయట పడకుండా నెట్టుకొచ్చారు. శుక్రవారం రాడ్డు తిప్పింది కూడా ఆమే. తప్పు ఎక్కడ జరిగిందని అడిగితే, ఆయన గొంతు సగానికి పడిపోయింది. ఆమె తిప్పుతుండగా తనే లోపల్నుంచి కేకేశాడట, మందు సీసా కనిపించడం లేదని. ఆ కేకకి ఆమె చుట్ల లెక్క తప్పి ఉంటుందట.

"దానికి ఇరవై ఆరేళ్ళమ్మా. ఈ చేతులు ఇక దేనికీ పనికిరావు. జైల్లో కూర్చోవడానికి మా ఇద్దర్లో ఎవరైతే మేలో మీరే చెప్పండి."

నాకు కోపం ఎటుపోయిందో తెలియదు. ఆయనకి జైలంటే భయం లేదు. కూతురి చేతిలో ఒక మనిషి ప్రాణం పోయిందని నమ్ముతున్నాడు, ఆ నమ్మకమే ఆయన్ని తినేస్తోంది. మూడింటిలోపల నేను అబద్ధమని తేల్చాల్సింది ఆ నమ్మకాన్ని. తేల్చలేకపోతే తండ్రీ కూతుళ్ళలో ఎవరో ఒకరు లోపలికి పోవడం ఖాయం.

స్వాధీనం చేసుకున్న బండ్లు పెట్టే రేకుల షెడ్డుకి పదకొండూ నలభైకి చేరాను. మేస్త్రీ కూతుర్ని వెంట తీసుకెళ్ళాను. ఆమె కన్నా ఆ కారు తెలిసినవాళ్ళు ఇంకొకరు లేరు కాబట్టి తీసుకెళ్ళాను, కానీ అరగంటలోనే ఆ పనికి నన్ను నేను తిట్టుకున్నాను.

ఆకుపచ్చ కారు. ముందు భాగం ఒక మూల నుజ్జయింది కానీ డ్రైవరు కాళ్ళు పెట్టే చోటు చెక్కుచెదరలేదు. పాత కారు కాబట్టి బెల్టు లేదు, ఆయన విసురుగా వెళ్ళి గోడకి తగిలారు. నాలుగు చక్రాలూ విప్పి పెట్టారు. బ్రేకు డ్రమ్ములు నీలంగా కమిలి ఉన్నాయి. వేడి విషయంలో మేస్త్రీ చెప్పింది అక్షరాలా నిజం. ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లు చదునుగా, తర్వాత మూడు కిలోమీటర్ల దిగుడు. ఏడు కిలోమీటర్లు, పన్నెండు నిమిషాలు. నూనె మరగడానికి చాలినంత సమయం.

ఇన్‌స్పెక్టర్ కారు పక్కన నిలబడ్డాడు. వాడి చేతిలో ఒక చెక్క దిమ్మ ఉంది. మేస్త్రీ షెడ్డు పద్ధతి అది. యజమాని తను నడిపేటప్పుడు తొడుక్కునే చెప్పులతోనే సీట్లో కూర్చోవాలి. ఆయన కాలికి సుఖమనిపించిన ఎత్తులో పెడళ్ళు నిలిపి, కార్పెట్ తీసేసిన నేల మీంచి పెడల్ అంచు దాకా సరిగ్గా అంత ఎత్తు దిమ్మలు రెండు కోస్తారు. ఒకటి షెడ్డులో ఉంటుంది, రెండోది కారు అరలో. క్లచ్ కిందా బ్రేకు కిందా అదే దిమ్మ సరిపోతేనే పని అయినట్టు లెక్క. రాడ్డుకి ఊపిరి ఉందో లేదో మాత్రం దిమ్మ చెప్పదు, విడిగా చూసుకోవాలి.

"మీరు రాకముందే మేస్త్రీని అడిగి పద్ధతి తెలుసుకున్నాను మేడమ్" అన్నాడు. కార్పెట్ ఎత్తాడు. కింద నల్లటి నేల. దిమ్మని నిలబెట్టి బ్రేకు పెడల్ కిందికి తోశాడు. వెంట్రుక సందు లేకుండా సరిపోయింది. క్లచ్ కింద పెట్టాడు. అక్కడా అంతే. తర్వాత నన్ను వంగమని రాడ్డు చూపించాడు. ఊపిరి లేదు. రాడ్డు పిస్టన్‌ని నొక్కుతూనే ఉంది.

నన్ను పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "అక్కా, ఈసారి నువ్వు పప్పులో కాలేశావు. ఎవరో కుట్ర చేశారని కదా నీ వాదన. మధ్యలో ఎవడైనా పెడల్‌ని కదిపి ఉంటే ఈ దిమ్మ సరిపోతుందా? షెడ్డులో పెట్టిన ఎత్తు పెట్టినట్టే ఉంది. అందులోనే తప్పు ఉంది."

వాడి మాటలో ఎక్కడా మెలిక కనబడలేదు, అందుకే మరీ మండింది. ఆసుపత్రి వెనక గ్యారేజీలో రెండు రాత్రులు తాళం లేకుండా ఉన్న కారు కదా అన్నాను. ఉంటే ఉంది, దిమ్మ చెప్పే సాక్ష్యం ముందు గ్యారేజీ ఎంత అన్నాడు. నీకు పెడల్‌కీ మెట్టుకీ తేడా తెలియదని నోరు జారాను. నీ చేతిలో ఉద్యోగం పోయినప్పటి నుంచి లోకంలో ఎవరికీ బ్రేకులు తెలియవనుకుంటావు అని వాడూ అనేశాడు. ఇద్దరం అక్కడితో ఆగాల్సింది. ఆగేలోపల వెనక నుంచి ఆ అమ్మాయి మాట వినబడింది.

"రాడ్డు తిప్పింది నేను సార్. మా నాన్న కాదు."

దిమ్మ ఆమె చేతిలో ఉంది. తనే స్వయంగా రెండు పెడళ్ళ కిందా పెట్టి చూసుకుంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. లెక్క తప్పానేమోనని ఆదివారం నుంచి అనుకుంటూనే ఉన్నాను, ఇప్పుడు కళ్ళారా చూశాను, డాక్టరు గారు నా చేతిలోనే పోయారు అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఇన్‌స్పెక్టర్ నా వైపు చూసిన చూపులో గెలుపేమీ లేదు. ఒప్పుకోలు మార్చి రాయాలి, ఆడ కానిస్టేబుల్‌ని పిలిపించాలి అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, నా మీద నాకే. తండ్రి దాచిన బిడ్డని చేయి పట్టుకుని తీసుకొచ్చి వాడికి అప్పజెప్పాను. సమయం పన్నెండుంబావు. కానిస్టేబుల్ వచ్చేలోపు పది నిమిషాలు కావాలన్నాను. ఏం చేస్తావని అడిగాడు. ఏం చేస్తానో నాకూ తెలియదు, ఆ మాట వాడికి చెప్పలేదు.

ఆ అమ్మాయిని సీట్లో కూర్చోమన్నాను. చేతి కొలతలన్నీ చూశాం కదా, ఒకసారి కాలితో చూడమన్నాను. కాళ్ళు అందే వయసు నుంచి ఆ కారుని షెడ్డులోకీ బయటికీ నడుపుతున్న పిల్ల. కూర్చుని కళ్ళు మూసుకుంది. క్లచ్ నొక్కింది, వదిలింది. బ్రేకు మీద పాదం ఆనించింది. తేడా ఏమీ లేదు మేడమ్ అంది. తర్వాత కుడి పాదం అలవాటుగా పక్కకి, యాక్సిలరేటర్ మీదికి జరిగింది. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ బ్రేకు మీదికి తెచ్చి, మళ్ళీ జరిపింది. కళ్ళు తెరిచింది.

"ఇది కిందికి పోయింది" అంది.

వంగి చూశాను. యాక్సిలరేటర్ కింది అంచు దాదాపు నేలని తాకుతోంది. వేలితో నొక్కాను. సగం దూరం వెళ్ళి నేలకి కొట్టుకుని ఆగింది. దీని ఎత్తు ఎప్పుడైనా మార్చారా అని అడిగాను. దానికి మార్చే ఏర్పాటే లేదంది. దిమ్మ రెండు పెడళ్ళకే. మూడోదాన్ని ఎవరూ కొలవరు.

అప్పుడు నా బుర్ర తిరగడం మొదలుపెట్టింది. షెడ్డులో రెండు పెడళ్ళనీ ఎక్కువ లేపేసి ఉంటే, రెండూ దిమ్మ కన్నా ఎత్తుగా ఉండాలి, మూడోది తన చోటే ఉండాలి. ఇక్కడ రెండూ కొలతకి సరిపోయాయి, కదలడానికి వీల్లేని మూడోది మునిగింది. పెడల్ దిగలేదంటే నేలే పైకి వచ్చిందన్నమాట.

"ఈ నేల నీకు తెలిసిన నేలేనా?" అని అడిగాను.

ఆమె కాళ్ళు తీసి, నల్లటి నేల మీద అరచేతితో తడిమింది. మడమ ఆనే చోట తుప్పు పట్టి చిల్లు పడితే పోయిన ఏడాది తనే రేకు అతుకు వేసిందట. అతుకు చుట్టూ గరుకు అంచు ఉండాలి. తడిమిన చోటల్లా నునుపుగా ఉంది. పాత కార్ల నేలకి చప్పుడు రాకుండా నల్లటి పూత వేస్తారు, ఇన్‌స్పెక్టర్ దాన్ని అదే అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. పదహారేళ్ళ అనుభవం నా కళ్ళకి గంతలు కట్టింది.

స్క్రూడ్రైవర్ మొనని మూలలో దూర్చి పైకి లేపాను. జిగురు సాగుతూ, చిరుగుతూ, నేల ఆకారానికి కోసిన రబ్బరు పలక ఒకటి లేచి వచ్చింది. అర అంగుళం మందం. దాని కింద పాత ఆకుపచ్చ రేకు, మడమ చోట చిన్న అతుకు, అతుకు చుట్టూ గరుకు అంచు.

దిమ్మని నేను పెట్టలేదు. ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాను. వాడు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని అసలు నేల మీద నిలబెట్టాడు. దిమ్మకీ పెడల్‌కీ మధ్య వాడి వేలు సులువుగా పట్టింది. క్లచ్ దగ్గరా అంతే. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు.

"మూడు చుట్లు" అంది ఆ అమ్మాయి. "ఈ సందుకి రాడ్డు మూడు చుట్లు ఎక్కువ తిప్పాలి మేడమ్. నేను మూడు చుట్లు తప్పను. ఒకటి తప్పుతానేమో, మూడు తప్పను." అప్పుడు ఏడ్చింది. స్టీరింగ్ మీద తల ఆనించి, చిన్నపిల్లలా వెక్కుతూ ఏడ్చింది.

మిగతాది ఇన్‌స్పెక్టరే చెప్పుకుపోయాడు. బ్రేకు చెడగొట్టడానికి ఒకడు రాడ్డు తిప్పాడు. బ్రేకు ఒక్కటే లేస్తే డాక్టరు గారి కాలికి తెలిసిపోతుందని క్లచ్ కూడా అంతే లేపాడు. రెండూ లేచినట్టు తెలియకుండా నేలని కూడా లేపాడు. రేపు ఎవరైనా దిమ్మ పెట్టి చూసినా షెడ్డు మీదికే పోతుంది. శుక్రవారం సాయంత్రం అయిదు తర్వాత, ఆదివారం ఆరూ నలభై లోపల. మూడింటికి ఈ ఒప్పుకోలు కాగితం వెళ్ళదక్కా, అన్నాడు. కానిస్టేబుళ్ళందరి ముందే అక్కా అన్నాడు. స్టేషనుకి ఫోను చేసి మేస్త్రీకి కబురు చెప్పమన్నాడు. నిజం చెప్పాలంటే నాకు వాణ్ణి కౌగిలించుకోవాలనిపించింది.

మరి నేలని లేపాలన్న ఆలోచన ఎవడికొస్తుంది? అది మెకానిక్కుల బుర్రలో పుట్టే ఊహ కాదు. పలకని వెలుతురులోకి తెచ్చి చూశాను. పైన నలుపు, కోసిన చోట లోపల బెండు పొడి కలిసిన గోధుమ రంగు చుక్కలు. మెకానిక్ ఎవడైనా రబ్బరు కోస్తే అంచు నిటారుగా ఉంటుంది. దీని అంచు చుట్టూతా ఏటవాలుగా చెక్కి ఉంది, ఎంతో ఓపికగా, పలచటి కత్తితో. కార్పెట్ కింద ఎవరి కంటా పడని పలకకి అంత ముచ్చటగా అంచు చెక్కాల్సిన పని లేదు. మనిషి ఆలోచించి చేసింది కాదది. చేతికి అలవాటైపోయి చేసింది.

ఆ అంచు నాకు తెలుసు. రోజూ పొద్దున్నే చూస్తాను.

ఒంటికాలి మీద నిలబడి ఎడమ చెప్పు విప్పాను. పక్కనున్న బండి బానెట్ మీద పలకా చెప్పూ పక్కపక్కన పెట్టాను. అదే నలుపు, అవే చుక్కలు, అదే అర అంగుళం, అదే ఏటవాలు. ఇన్‌స్పెక్టర్ కళ్ళు పలక మీంచి చెప్పు మీదికి, చెప్పు మీంచి నా మొహం మీదికి వచ్చాయి. మేస్త్రీ చేతుల వణుకు గురించి తెలిసినవాళ్ళు ముగ్గురే. డాక్టరు గారు పోయారు, కూతురు నోరు విప్పదు. పోలీసులకి చెప్పింది ఎవరో మా ఇద్దరికీ తెలుసు.

"కానీ ఎందుకు?" అన్నాడు వాడు. "నలభై ఏళ్ళు ఆయన నీడలోనే బతికిన మనిషి."

అప్పుడు ఆ అమ్మాయి సీట్లోంచి దిగి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, మీకు నిన్న ఒక మాట చెప్పకుండా దాచాను అంది. శుక్రవారం డాక్టరు గారు వీధి ఒక్కటే అడగలేదట. నా కాలి గురించి కూడా మాట్లాడారట. అవతలి మనిషి కాలి అవిటి సంగతి మొహం మీద ఎలా అంటానని ఊరుకుందట.

"ఏమన్నారు?"

"ఆవిడ కాలు పొట్టి కానక్కర్లేదమ్మా అన్నారు. ఆ రోజు థియేటర్లో కొలిచినవాడు తప్పు కొలిచి, తర్వాత కాగితం మార్చేశాడట. పాత కాగితాలు సర్దుతుంటే మొన్ననే బయటపడిందట. ఆవిడ దగ్గరున్న ఎక్స్‌రేలు చూస్తే తేలిపోతుంది, వాడికి చెప్పేశాను, ఆదివారం వెళ్ళి ఆవిడకి నా నోటితోనే చెప్పి క్షమించమని అడుగుతాను అన్నారు."

నాకు మత్తు ఎక్కుతున్నప్పటి సంగతులు కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. పైన పెద్ద దీపం. తొడ మీద చల్లగా టేపు. భయపడకు తల్లీ, నిమిషంలో అయిపోతుంది అన్న గొంతు. ఆరేళ్ళుగా నా కాళ్ళ దగ్గర వంగి కూర్చున్న మనిషిని ఎంత మంచివాడో అనుకుంటూ వచ్చాను. ఏడుపు రాలేదు. బానెట్ మీది చెప్పుని మళ్ళీ తొడుక్కోబుద్ధి కాలేదు.

ఫోను మోగింది. ఒంటిగంట దాటి అయిదు నిమిషాలు. మా అమ్మ. భోజనానికి వస్తావా రావా అని అడిగి, నా జవాబు వినకుండానే అసలు సంగతికి వచ్చింది.

"చెప్పుల మాస్టారు వచ్చారే. బీరువా మీద నీ పాత ఎక్స్‌రేలు ఉన్నాయి కదా, కొత్త చెప్పుకి కొలత చూడాలట, అడుగుతున్నారు. ఇచ్చేయనా?"

ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆయన ఎందుకు చేశాడో చూపడానికి ఆ ఎక్స్‌రేలు తప్ప ఇంకో రుజువు లేదు. అమ్మ మాటలు బయటికి వినబడ్డట్టున్నాయి, ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు. నా గొంతు మామూలుగా ఉండేలా చూసుకున్నాను.

"ఇచ్చేయమ్మా. ఇచ్చి పంపించేయి."

అవతల కాసేపు అమ్మ మాట, మగగొంతు, బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు. తర్వాత అమ్మ మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

"ఇచ్చానే. అయినా వెళ్ళరట. చెప్పు నీ కాలికే తొడిగి చూడాలట. నువ్వొచ్చేదాకా కూర్చుంటానంటూ తలుపు కూడా ఆయనే వేసుకొచ్చారు."